చెప్పని సాక్ష్యం

జయమణి దేవునికి ఒక మాటిచ్చింది, ఇచ్చి తప్పింది. ఆ ఇల్లు ఆగమైంది ఆడ్నుంచే. తల్లి మనసు, కొడుకు బాగుండాలని చేసింది, తిట్టబుద్ధి కాదు. గానీ తిట్టకుండ ఉండబుద్ధి కూడ కాదు.

అప్పటికి ఆమె చిన్నకొడుకు ఇజ్రాయేల్‌కు పంతొమ్మిదేండ్లు. ఒంట్ల నెత్తురు తయారయ్యుడు బందైంది. పండ్లు తోముకుంటె చిగుళ్లకెల్లి రక్తం, జర తగిలితె ఒళ్లంత నల్లటి మచ్చలు. హైదరాబాదుల నాలుగు దవాఖానలు తిరిగి, ఆఖరికి వెల్లూరు పోయిన్రు. ఎముకల లోపటి మూలుగ ఎండిపోయింది, నెత్తురు తయారయ్యేది ఆ మూలుగలనే, ఇంకొకరి మూలుగ ఎక్కిస్తెనే బతుకుతడు అన్నరు డాక్టర్లు. పెద్దకొడుకు దేవప్రసాద్‌ది సరిపోయింది. అన్న ఒంట్లకెల్లి తీసి తమ్మునికి ఎక్కించిన్రు. పోరడు బతికిండు. దవాఖాన ప్రార్థన గదిల జయమణి మోకాళ్ల మీద పడి, "ప్రభువా, ఇంటికి పోంగనే చర్చిల అందరి ముంగట సాక్ష్యం చెప్త" అన్నది.

సాక్ష్యమంటె ఏం లేదు. మేలు పొందినోళ్లు ఆదివారం ఆరాధనల లేచి నిలవడి, నాకు ఈ జబ్బు చేసింది, దేవుడు ఇట్ల బాగుచేసిండు అని నోరు తెరిచి చెప్పుడు. చెప్పకుంట దాచుకుంటె దేవుని మేలు ఎత్తుకపోయినట్టే అని వాళ్ల నమ్మకం. అంత నమ్మకమున్న జయమణి నాంపల్లి ఇంటికొచ్చినంక ఆగిపోయింది. సాక్ష్యం చెప్తె పోరనికి పిల్లనెవరిస్తరు? మెదక్ నుంచి సికింద్రాబాద్ దాకా మన క్రైస్తవులంత ఒక్క వాకిలి లెక్క, పొద్దున ఈడ తుమ్మితె సాయంత్రానికి ఆడ చిరంజీవ అంటరు. పెండ్లయినంక చెప్దాం అనుకున్నది. అడిగినోళ్లకు కామెర్లు అయినయ్ అని చెప్పింది.

పెండ్లి కుదిరింది. పిల్ల డోర్కాస్, సికింద్రాబాద్ వాళ్ల బిడ్డ, మాట సూటి, మనసు తెల్లన. పెండ్లికి ముంగట మూడు ఆదివారాలు అయ్యగారు చర్చిల ప్రకటన చదివిండు. ఈ ఇద్దరి పెండ్లికి ఎవరికన్న అభ్యంతరం ఉంటె ఇప్పుడే చెప్పండ్రి అని అడిగిండు. మూడు ఆదివారాలూ ఇజ్రాయేల్ తలొంచుకోని కూసున్నడు. దేవప్రసాద్‌కే మనసాగలె.

"తమ్మీ, అందరికీ వద్దు, ఆ పిల్ల ఒక్కదానికన్న చెప్దాంరా," అన్నడు ఇంటికొచ్చినంక.

"వెయ్యి అబద్ధాలాడన్న ఒక పెండ్లి చేయమన్నరు పెద్దలు," అన్నది జయమణి. "మనం ఆడేది ఒక్కటే గదా."

ఇజ్రాయేల్ తల్లి దిక్కే మొగ్గిండు. వెల్లూరు డాక్టరు ఆఖరి రోజు ఇంకొక మాట చెప్పిండు, అది వాడు అన్నకు కూడ చెప్పలె. ఇచ్చిన మందులు గట్టివి, పిల్లలు పుట్టొచ్చు, పుట్టకపోనూ వచ్చు, ముందుగాల చెప్పలేం అన్నడు. ఆ మాటను ఇజ్రాయేల్ కడుపుల పెట్టుకున్నడు. మందులు ఎక్కియ్యడానికి ఛాతి మీద పైపు పెట్టిన మచ్చ చూసి పెండ్లయిన కొత్తల డోర్కాస్ అడిగితె, "చిన్నప్పుడు గడ్డ లేస్తె కోసిన్రు" అన్నడు. ఆమె నమ్మింది. నమ్మకపోవడానికి ఆమెకు కారణమేమున్నది?

మూడేండ్లకు స్నేహ పుట్టింది. ఇజ్రాయేల్ ఆ రోజు అబిడ్స్‌ల తను పనిచేసే కండ్లద్దాల దుకాణంల అందరికీ మిఠాయి పంచిండు. డాక్టరు పుట్టొచ్చన్నడు, పుట్టింది, ఇగ ఫికరేంది అనుకున్నడు. ఇంట్ల ఆ పిల్లను కింద పెట్టనిచ్చినోడు లేడు. అందరికంటె ఎక్కువ దేవప్రసాద్. తమ్ముని రోగం, ఇంటి బరువు మోసుడుతోనే ఆయన పెండ్లీడు దాటిపోయింది. అబిడ్స్‌ల ఒక బడిల డ్రిల్ మాస్టరు, అదే ఇంట్ల మీది గదిల ఉంటడు. స్నేహను అదే బడిల ఏసిన్రు. పొద్దున స్కూటర్ ముంగట నిలబెట్టుకోని తీస్కపోతడు, సాయంత్రం తీస్కొస్తడు. తొవ్వల ఇద్దరూ పాటలు పాడుకుంట వస్తరు, వీధి మలుపు తిరగకముందే వినవడ్తది.

స్నేహకు అయిదేండ్లు దాటినయ్, ఇంకొకరు ఉంటె బాగుండని డోర్కాస్‌కు ఆశైంది. ఏడాది చూసి, బషీర్‌బాగ్‌ల ఒక క్లినిక్‌కు పోయిన్రు. డాక్టరు అడిగిండు, ఇంతకుముందు పెద్ద జబ్బులేమన్న చేసినయా అని. పక్కన డోర్కాస్ కూసున్నది. "లేదు సార్," అన్నడు ఇజ్రాయేల్. రిపోర్టులకు ఒక్కడే పోయిండు. మీ వైపు నుంచి ఆశ బాగా తక్కువ, ఇది ఇయ్యాళ్టిది కాదు, చాన ఏండ్ల కిందటి నుంచే ఉండి ఉంటది అన్నడు డాక్టరు. ఇంటికొచ్చి పెండ్లానికి "అంత మంచిగనే ఉన్నదట" అని చెప్పిండు.

ఇగ ఆ దినం నుంచి వాని మెదడుల పురుగు తొలుసుడు మొదలుపెట్టింది. చాన ఏండ్ల కిందటి నుంచే అంటె స్నేహ ఎట్ల పుట్టింది? ఆశ తక్కువంటె అసలే లేదని కాదు గదా. ఆ డాక్టరుకు ఉన్న సంగతి చెప్తె, సమజయ్యేటట్టు ఆయనే చెప్పేటోడు. చెప్పలె గదా, అడగడానికి నోరెట్ల లేస్తది? తేలు కుట్టిన దొంగ లెక్క లోపట్నే మూలుక్కుంట ఉన్నడు. దుకాణంల కండ్లు చూసేటప్పుడు గూడ ధ్యాస ఇంటి మీదనే. స్నేహ చెవులు చూస్తడు, అన్న చెవుల లెక్కనే కనవడ్తయ్. నవ్వితె అన్న నవ్వే. పెద్దనాయన పోలిక బిడ్డకు రాదా? ఆ మాత్రం ఇంగితం కూడ లేకపాయె మనిషికి.

దుకాణం కాడికెల్లి రెండు సందులు దాటితె ఒక ప్రైవేటు ల్యాబు ఉన్నది, తండ్రి బిడ్డల డీఎన్ఏ పరీక్ష చేస్తమని బోర్డు. ఒక శనివారం బడి లేనప్పుడు స్నేహను తీస్కపోయిండు. పండ్ల డాక్టరమ్మ చూస్తది బిడ్డా అని అబద్ధమాడి, దూది పుల్లతోని బుగ్గ లోపల రుద్దిపిచ్చిండు. తన వేలు కొనకు సూది గుచ్చి రక్తం చుక్కలు ఒక అట్ట మీద పట్టిన్రు. కౌంటర్ల పిల్ల వరుసగ అడుగుడు మొదలువెట్టింది, ఈ మధ్య రక్తం ఎక్కించుకున్నరా, ఎప్పుడన్న ఎముకల మూలుగ మార్పిచ్చుకున్నరా అని.

ఇజ్రాయేల్ నోటిదాక వచ్చింది. గానీ ఆ పిల్ల మెడల సన్న గొలుసు, దానికి సిలువ. మాట తీరు చూస్తె మెదక్ దిక్కు. ఎవరి బిడ్డనో, ఏ చర్చికి పోతదో, ఎవరికి చుట్టమో. పదిహేడేండ్ల కిందటి ముచ్చట, అప్పటి నెత్తురు ఇంకా ఉంటదా, ఎప్పుడో మారిపోయి ఉంటది అనుకున్నడు.

"అసుంటివేం లేవమ్మా," అన్నడు.

అయ్యగారి ముంగట ఊకున్నడు, క్లినిక్‌ల లేదన్నడు, ఈడ కూడ లేదన్నడు. అలవాటు పడ్డ నోరు, ఏం చేస్తది.

పది పన్నెండు రోజులకు ల్యాబు నుంచి ఫోనొచ్చింది. లోపటి గదిల డాక్టర్ మృదుల కూసోమన్నది. నడి వయసు మనిషి, మెత్తగ మాట్లాడుతది.

"పరీక్ష ఎలా చేస్తామో ముందు చెప్తాను, అప్పుడే ఫలితం అర్థమవుతుంది," అన్నది. "బిడ్డ డీఎన్ఏలో సగం తల్లిది, సగం తండ్రిది. మేం అందులో ఇరవై పైన చోట్లు ఎంచుకుని చూస్తాం. ఒక్కో చోట రెండు అంకెలుంటాయి. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. కాబట్టి ప్రతి చోటా పాప అంకెల్లో కనీసం ఒకటి తండ్రి దగ్గర కూడా కనిపించాలి. ఒక్క చోట తప్పితే ఎప్పుడైనా జరిగే మార్పు అనుకుంటాం. మీ ఇద్దరికీ ఆరు చోట్ల తప్పింది."

"అంటె?"

"ఈ రక్తం ఇచ్చిన మనిషి ఈ పాపకు తండ్రి కాదు." ఆమె కాగితం మీద ఒక వరుస వేలితోని చూపిచ్చింది. "కానీ ఒక విషయం ఉంది. ఏ సంబంధమూ లేని మనిషైతే ఇంకా చాలా చోట్ల తప్పేది. ఇక్కడ దగ్గరి నెత్తురు పోలిక ఉంది. అడగక తప్పదు, మీకు అన్నదమ్ములున్నారా?"

కంచే చేను మేసిందా అనుకున్నడు ఇజ్రాయేల్. మనిషి ఒకటి నమ్మదలుచుకుంటె దేవుడే దిగొచ్చి కాదన్నా వినడు. మీరు చెప్పిన వివరాలల్ల ఏమన్న తప్పున్నదా, మల్లొకసారి చూద్దామా అని ఆమె అంటనే ఉన్నది, వీడు కాగితం పట్టుకోని బయటికొచ్చిండు.

ఆ సాయంత్రం జయమణి ముందర గదిల చిక్కుడుకాయలు తుంచుతున్నది. స్కూటర్ ఆగింది, స్నేహ దుంకి పక్కింటికి ఆడుకోవడానికి ఉరికింది. దేవప్రసాద్ ఆమె బ్యాగు పట్టుకోని లోపటికొచ్చిండు.

"అన్నా, ఒకటడుగుత. స్నేహ ఎవల బిడ్డ?" అన్నడు ఇజ్రాయేల్.

దేవప్రసాద్ నవ్విండు. "లెక్కలు తప్పితె నీ బిడ్డ, ఉరుకుట్ల గెలిస్తె నా బిడ్డ. ఇయ్యాల గెలిచిందిరా."

ఇజ్రాయేల్ కాగితం తీసి బల్ల మీద పెట్టిండు. "నా బిడ్డ కాదట. నా అన్నదమ్ముల బిడ్డ అయి ఉండొచ్చట. నాకున్న అన్నవు నువ్వొక్కనివే."

నవ్వు ఆ ముఖం మీద అట్లనే ఉండిపోయింది, తీసుకునుడు యాదిమరిచినట్టు. వంటింట్లకెల్లి డోర్కాస్ వచ్చి కాగితం తీసి మొదట్నుంచి ఆఖరి దాక చదివింది. అరవలె, ఏడ్వలె.

"ఈ పరీక్ష ఎందుకు చేపిచ్చిన్రు? ఏం చూసి అనుమానమొచ్చింది మీకు?" అని అడిగింది.

"నాకు పిల్లలు పుట్టుడు కష్టమని వెల్లూరుల ఎప్పుడో చెప్పిన్రు. మొన్న బషీర్‌బాగ్‌ల గూడ అదే మాట."

"వెల్లూరుకు మీరెందుకు పోయిన్రు?"

ఇజ్రాయేల్‌కు అప్పుడు తెలిసింది తన నోట్లకెల్లి ఏమొచ్చిందో. డోర్కాస్ అత్త దిక్కు చూసింది. జయమణి చేతిల చిక్కుడుకాయ అట్లనే ఉన్నది. బావ దిక్కు చూసింది.

"బావగారూ, మీకూ తెలుసా?"

దేవప్రసాద్ తల దించిండు. నింద పడ్డప్పుడు దించని తల, ఈ మాటకు దించిండు. "తెలుసమ్మా. చెప్పాలనుకున్న. చెప్పలేకపోయిన. తప్పు నాది గూడ," అన్నడు.

ముక్క ముక్కగ మొత్తం బయటికొచ్చింది, రోగం, మూలుగ, పైపు మచ్చ, వెల్లూరు డాక్టరు మాట. డోర్కాస్ నిలవడే విన్నది. పెండ్లయి తొమ్మిదేండ్లు దాటె. విన్నంక లోపటికి పోయి బట్టలు సర్దుకున్నది, స్నేహను పిలిచి చెప్పులు తొడిగింది, సికింద్రాబాద్‌ల అక్క ఇంటికి పోయింది. గడప కాడ జయమణి కొంగు అడ్డం పెట్టి ఏడిస్తె, "పక్కకు జరుగుండ్రి అత్తమ్మా," అన్నది, అంతే.

ఆమె పోయినంక దేవప్రసాద్ తమ్మునితోని ఒక్కటే మాటన్నడు. "రేపు నన్ను గూడ ఆ ల్యాబుకు తీస్కపో. నాది గూడ తీస్కోమను. నా కోసం కాదురా, డోర్కాస్ ఇజ్జత్ కోసం."

తెల్లారి పోయి ఇచ్చొచ్చిన్రు. ఆ తర్వాతి రోజులు ఆ ఇంట్ల ఎట్ల గడిచినయో చెప్పే పని లేదు. అన్న మీది గదిల, తమ్ముడు కింది గదిల, నడుమ మెట్ల మీద జయమణి. అన్నం వండితె తినేటోడు లేడు. ఇంతకాలం చేసిన ప్రార్థనల ఆ చెప్పని సాక్ష్యం మాట ఒక్కనాడు ఎత్తలె ఆమె, ఇప్పుడు అదే పట్టుకోని ఏడ్చింది.

మల్ల ఫోనొచ్చింది, ఇద్దరినీ రమ్మన్నరు. డాక్టర్ మృదుల ముఖం ఈసారి వేరే తీరుగ ఉన్నది.

"మీరిద్దరూ కవలలా?" అని అడిగింది.

"కాదు మేడం, వీనికంటె నాలుగేండ్లు పెద్దోన్ని," అన్నడు దేవప్రసాద్.

"మీ రెండు రక్తాలూ ఒక్కటే. అన్ని చోట్లా, అన్ని అంకెలూ. అచ్చు కవలలకు తప్ప ఇలా రాదు. మొదట ఒకరి రక్తమే రెండుసార్లు వచ్చిందేమో అనుకున్నాం, మళ్లీ చేసి చూశాం." ఇజ్రాయేల్ దిక్కు తిరిగింది. "మీకు ఎముక మూలుగ మార్పిడి జరిగిందా? జరగలేదని చెప్పారు మీరు."

జవాబు దేవప్రసాదే చెప్పిండు. "జరిగింది మేడం. ఇచ్చింది నేనే."

ఆమె రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది. తర్వాత మెల్లగ చెప్పింది. "రక్తం పుట్టేది మూలుగలో. మీ మూలుగ మీ అన్నది, కాబట్టి ఆనాటి నుంచి మీ ఒంట్లో పారే రక్తం మీ అన్నదే. మీ వేలు గుచ్చి తీసినప్పుడు మేం పరీక్షించింది మిమ్మల్ని కాదు, ఆయన్ని. ఆయన ఈ పాపకు తండ్రి కాదు, దగ్గరి చుట్టం. పెద్దనాన్న ఎలా ఉండాలో సరిగ్గా అలాగే వచ్చింది ఫలితం. పరీక్ష తప్పు చెప్పలేదండీ. ఎవరి రక్తమో మాకు మీరు చెప్పలేదు."

"మరి నాదెట్ల తెలుస్తది?" అన్నడు ఇజ్రాయేల్.

"వెంట్రుకల కుదుళ్లు మారవు. అవి మీవే."

కుదుళ్లతోని కొన్ని వెంట్రుకలు పీకి తీస్కున్నరు. ఈసారి ఫలితం కొరకు ఎదురుచూసే పని ఎవరికీ లేకుండె, అయినా వచ్చింది. ఒక్క చోట గూడ తప్పలె. స్నేహ ఇజ్రాయేల్ బిడ్డనే.

ఆ రోజు ల్యాబు బయట, అబిడ్స్ రోడ్డు మీద, వచ్చేటోళ్లు పోయేటోళ్లు చూస్తుండంగ ఇజ్రాయేల్ అన్న కాళ్ల మీద పడబోయిండు. దేవప్రసాద్ రెక్క పట్టి లేపిండు. "లే. అమ్మ ఫికర్ చేస్తుంటది, స్కూటర్ ఎక్కు," అన్నడు. తన ప్రాణం నిలబెట్టిన నెత్తురే సాక్ష్యం చెప్తె, దానితోనే ఆ ప్రాణం ఇచ్చినోన్ని దొంగను చేసిన గదా అని వెనక కూసోని ఇజ్రాయేల్ నాంపల్లి దాక ఏడుస్తనే ఉన్నడు.

కాగితం పట్టుకోని సికింద్రాబాద్ ఉరికిండు. చేతులు కాలినంక ఆకులు. డోర్కాస్ ఆ కాగితం ముట్టుకోను గూడ లేదు.

"నా బిడ్డ తండ్రి ఎవరో నాకు ఏ పరీక్ష లేకుండనే తెలుసు," అన్నది. "నా మొగడు ఎవరో, అది తెల్వకపాయె నాకు."

"తప్పైంది డోర్కాస్. చెప్తె నువ్వు చేసుకోవని భయపడ్డ."

"చేసుకునేదాన్ని." ఆమె కండ్లల్ల అప్పుడు నీళ్లొచ్చినయ్. "సచ్చి బతికిన మనిషని ఇంకా ఎక్కువ చూసుకునేదాన్ని. మూడు ఆదివారాలు అయ్యగారు అడిగిండు, మీరు ఊకున్నరు. ఆడ్నే చెప్పుండ్రి. నాకు కాదు."

ఆ వచ్చే ఆదివారం ఇజ్రాయేల్ లేచి నిలవడ్డడు. పక్కన జయమణి గూడ నిలవడ్డది. జబ్బు సంగతి చెప్పిండు, వెల్లూరు చెప్పిండు, అన్న మూలుగ ఇచ్చి బతికిచ్చిండని చెప్పిండు, ఈ సంగతి దాచి పెండ్లి చేసుకున్న అని చెప్పిండు. అందరూ స్తోత్రం స్తోత్రం అన్నరు. ఇన్నేండ్ల నుంచి భయపడ్డది దీనికేనా అనిపించింది వానికి. ఎవరూ మొఖం తిప్పుకోలె. ఆరాధన అయినంక నలుగురొచ్చి చెయ్యి పట్టుకోని కండ్లు తుడుచుకున్నరు.

బడులు తెరిచేనాటికి డోర్కాస్ వచ్చింది. వండుతది, పెడ్తది, అవసరమైతె మాట్లాడుతది. పండేది అత్త గదిల. ఎప్పుడన్న కరుగుతదేమో, ఇజ్రాయేల్ ఆ ఆశ మీదనే ఉన్నడు.

దేవప్రసాద్ మాత్రం కోఠిల గది కిరాయికి తీస్కోని పోయిండు. ఇజ్రాయేల్ పోయి బతిమాలితె, కూసోబెట్టి చాయ్ పోసిండు.

"నీ మీద కోపం లేదు తమ్మీ, ఒట్టు," అన్నడు. "కానీ ఆ పిల్లను ఎత్తుకుందామని చేతులు చాపితె, ఆ రోజు నువ్వు చూసిన చూపు యాదికొస్తున్నది. చేతులు వాటంతట అవే వెనక్కి వస్తున్నయ్. నేనేం చేయాలె?"

ఇప్పుడు స్నేహను ఇజ్రాయేలే బడికి తీస్కపోతడు. నిన్న పొద్దున తయారై, బ్యాగు పక్కన పెట్టుకోని, గడప మీద కూసోని స్కూటర్ చప్పుడు కోసం వీధి మలుపు దిక్కే చూస్తున్నది పిల్ల.

"డాడీ, బడిల పెద్దడాడీ నన్ను గూడ అందరి లెక్కనే పేరు పెట్టి పిలుస్తున్నడు. దగ్గరికి పోతె లైన్ల నిలవడు అంటడు. నేనేం చేసిన?"

"నువ్వేం చేయలె బిడ్డా. చేసింది నేను."

"అయితె పోయి సారీ చెప్పు."

"చెప్పిన."

"మరి ఎందుకు వస్తలేడు?"

ఇజ్రాయేల్ ఆమె బ్యాగు తన భుజానికేసుకున్నడు. చెయ్యి పట్టుకోని, అబిడ్స్ దిక్కు నడిపిచ్చుకుంట తీస్కపోయిండు.